మీ తెరచాప పడవ గాలికి ఎందుకు పడుకుంటోంది: కీల్, సీసం, కొలతల సంగతి

కడప నుంచి మీరు రాసిన ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. పది మీటర్ల పొడవున్న ఒక అసలు యాట్ (మనుషులు ఎక్కే తెరచాప పడవ) నక్షా తీసుకొని, ప్రతి కొలతనూ పదో వంతుకు తగ్గించి, మీటరు పొడవున్న రేడియో కంట్రోల్ తెరచాప పడవను మీరు కట్టారు. పడవ మొత్తం బరువు 3.1 కిలోలు, అందులో కీల్ (పడవ అడుగు నుంచి నీటిలోకి దిగే రెక్కలాంటి పలక) అడుగున ఉన్న సీసం 1.2 కిలోలు, కీల్ లోతు 15 సెంటీమీటర్లు, రెండు తెరచాపల వైశాల్యం కలిపి 0.6 చదరపు మీటరు. దేవుని కడప చెరువులో వదిలితే ఆకు కదిలేంత గాలికే పక్కకు పడుకుంటోంది. లేచి నాలుగు గజాలు పోయాక, చుక్కాని ఎటు తిప్పినా గాలికి ఎదురు తిరిగి, తెరచాపలు టపటపలాడించుకుంటూ నిలబడిపోతోంది. లోపం పనితనంలో ఉందా, రేడియోలో ఉందా, ఇది అటకెక్కించి విదేశీ కిట్ తెప్పించుకోవడం మేలా అన్నది మీ సందేహం.

పనితనంలో లోపం లేదు. మీ ఫోటోల్లో పలకల అతుకులు చూశాను, నా మొదటి పడవ అతుకుల కన్నా చాలా నయం. రేడియోకు దీనితో సంబంధమే లేదు. లోపమంతా పదో వంతుకు తగ్గించడంలోనే ఉంది. మొదటి పడవతో దాదాపు అందరూ చేసే పొరపాటు ఇదే, నేనూ చేశాను. కొలతను పదో వంతు చేస్తే పొడవు పదో వంతవుతుంది, తెరచాప వైశాల్యం నూరో వంతవుతుంది, బరువు మాత్రం వెయ్యో వంతుకు పడిపోతుంది. బడిలో బలభ్రామకం పాఠం చదివినవాళ్లకు మిగతాది సులభంగా తెలుస్తుంది. పడవను ఒరిగించే భ్రామకం తెరచాప వైశాల్యం మీదా, దాని ఎత్తు మీదా ఆధారపడుతుంది కనుక వెయ్యో వంతవుతుంది. పడవను తిరిగి లేపే భ్రామకం బరువు మీదా, ఆ బరువు ఉన్న లోతు మీదా ఆధారపడుతుంది కనుక పదివేలో వంతవుతుంది. పడవను తగ్గించగలిగారు గానీ చెరువు మీది గాలిని తగ్గించలేరు కదా. అసలు యాట్ గంటకు 15 కిలోమీటర్ల గాలిలో ఎంత ఒరుగుతుందో, మీ పడవ 5 కిలోమీటర్లు కూడా లేని గాలిలో అంతే ఒరుగుతుంది. పోటీల్లో తిరిగే నమూనా పడవలు అసలు యాట్ల పోలికలో ఎందుకు ఉండవో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. వాటికి సన్నని ఒళ్లు, కత్తిలాంటి పొడవైన కీల్, దాని కొసన సొరకాయ పిందెలా వేలాడే సీసపు గుండు ఉంటాయి, చూడటానికి కొంచెం వింతగానే ఉంటాయి.

అంకెల్లో చూద్దాం. చుక్కాని తిప్పే చిన్న సర్వో మోటార్ల బలాన్ని చెప్పే కిలో-సెంటీమీటరు కొలతనే ఇక్కడా వాడుకుంటే లెక్క తేలిక. సెకనుకు 4 మీటర్ల గాలి, అంటే గంటకు 14 కిలోమీటర్ల పైచిలుకు గాలి, 0.6 చదరపు మీటరు తెరచాప మీద స్థూలంగా 560 గ్రాముల బరువంత తోపు తోస్తుంది. ఆ తోపు పనిచేసే చోటుకూ, నీటి అడుగున పడవ దాన్ని అడ్డుకొనే చోటుకూ మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకుంటే, ఒరిగించే భ్రామకం 45 కిలో-సెంటీమీటర్లు. పడవ 30 డిగ్రీలు ఒరిగినప్పుడు సీసం పక్కకు జరిగే దూరం కీల్ లోతులో సగం. 2.4 కిలోల సీసం 38 సెంటీమీటర్ల లోతున ఉంటే, దాన్ని తిరిగి లేపే భ్రామకం కూడా 45 చిల్లరే అవుతుంది. కాబట్టి ఆ గాలిలో పడవ 30 డిగ్రీల దగ్గర నిలదొక్కుకొని పరుగెడుతుంది. మీ పడవలో 1.2 కిలోలు, 15 సెంటీమీటర్లు. అంటే 9 కిలో-సెంటీమీటర్లు మాత్రమే. గంటకు ఆరు కిలోమీటర్లు దాటిన గాలి వీస్తే చాలు, సీసం చేతులెత్తేస్తుంది. పడవ వెడల్పు కొంత ఆదుకుంటుంది గానీ ఆ సాయానికి పడవ వేరే విధంగా మూల్యం చెల్లిస్తుంది, ఆ సంగతి కింద చెబుతాను.

ఈ పడవను పారేయవద్దు. పాత కీల్‌ను కోసేసి, అదే 1.2 కిలోల సీసాన్ని 38 సెంటీమీటర్ల లోతుకు దింపండి; ఒక్క గ్రాము బరువు పెరగకుండానే నిలబెట్టే భ్రామకం 9 నుంచి దాదాపు 23కు పోతుంది. తెరచాపలను 0.4 చదరపు మీటరుకు తగ్గించి, మాస్ట్‌ను (తెరచాపలు కట్టే నిలువు కొయ్యను) కూడా ఆమేరకు పొట్టి చేస్తే ఒరిగించే భ్రామకం 24 దగ్గర ఆగుతుంది, లెక్క సరిపోతుంది. ఇంకో అరకిలో సీసం కలపాలనిపిస్తే, మీ పడవ 28 సెంటీమీటర్ల వెడల్పు కనుక మహా అయితే మూడు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, దానికి భయపడనక్కర్లేదు. కొత్త కీల్ పలకకు ఆరు మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ చాలు; ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు పల్చగా అరగదీసి, రెండు వైపులా గ్లాస్ ఫైబర్ గుడ్డ అంటించండి. చేత్తో మెలిపెడితే మెలిపడని గట్టితనం రావాలి. మెలిపడే కీల్ ఉన్న పడవ ఒక వైపు బాగా పోతుంది, రెండో వైపు తిరిగితే మొరాయిస్తుంది, కారణం మాత్రం ఒక పట్టాన దొరకదు.

ఇక గాలికి ఎదురు తిరగడం. దీనికి రెండు కారణాలు కలిసి పనిచేస్తున్నాయి. మొదటిది వెడల్పైన వెనక భాగం. అసలు యాట్లలో కూర్చోవడానికీ పడుకోవడానికీ చోటు కావాలి కనుక వెడల్పు ఉంటుంది. అలాంటి ఒళ్లు ఒరిగినప్పుడు నీటిలో మునిగిన భాగం ఒక పక్క ఉబ్బిన అరటికాయలా వంకర తిరుగుతుంది, వెనక భాగం పైకి లేచి చుక్కాని సగం గాలిలో తేలుతుంది, ముక్కు దిగబడుతుంది, పడవ తనంతట తానే గాలి వైపు తిరుగుతుంది. వెడల్పు ఇచ్చే సాయానికి చెల్లించే మూల్యం ఇదే. కీల్ లోతు పెంచి ఒరుగుడు తగ్గిస్తే ఇందులో సగం జబ్బు పోతుంది.

రెండోది తెరచాపల తూకం. గాలి తోపంతా పనిచేసే బిందువు, నీటి అడుగున ఒంటికీ కీల్‌కూ చుక్కానికీ కలిపి పక్కకు జారకుండా పట్టుకొనే బిందువు, ఈ రెండూ ఒకదానికొకటి ఎక్కడ ఉన్నాయో చూడాలి. దానికి కంప్యూటర్ అక్కర్లేదు, బడిపిల్లల అట్టముక్క చాలు. పడవను పక్క నుంచి చూసినట్టు గీసి, నీటిగీత కింది ఆకారాన్ని అట్ట మీదికి దించి కత్తిరించండి. ఒక మూల గుండుసూది గుచ్చి గోడకు వేలాడదీసి, అదే సూదికి రాయి కట్టిన దారం తగిలించి, దారం వెంట గీత గీయండి. మరో మూల నుంచి అలాగే చేస్తే రెండు గీతలు కలిసిన చోటు మీ నీటి బిందువు. రెండు తెరచాపలను కలిపి ఒకే అట్టగా కోసి, గాలి బిందువును కూడా ఇలాగే పట్టుకోవచ్చు. నేను గాలి బిందువును నీటి బిందువుకు నాలుగైదు సెంటీమీటర్లు ముందు ఉంచి మొదలుపెడతాను, మాస్ట్ అడుగును ఐదేసి మిల్లీమీటర్లు ముందుకూ వెనక్కూ జరపగలిగేలా డెక్ (పడవ పైకప్పు) మీద రంధ్రాల పట్టీ బిగిస్తాను. అట్టముక్క చెప్పేది అంచనాయే, అసలు తీర్పు చెరువులో వస్తుంది. గాలికి వీలైనంత ఎదురుగా పోతున్నప్పుడు చుక్కాని మీట వదిలేస్తే, పడవ మెల్లగా గాలి వైపు తిరగాలి. గిరుక్కున తిరిగితే మాస్ట్‌ను ముందుకు జరపాలి, గాలికి దూరంగా పోతే వెనక్కి జరపాలి.

కిట్ సంగతి. కిట్ కొంటే తొందరగా నీళ్లలో దిగుతారు, తప్పేమీ లేదు. కానీ మీరు ఆరు నెలలు ఓపికపట్టి పలకలు అతికించిన మనిషి, రెండో పడవ కూడా మీరే కట్టగలరు. ఈసారి మాత్రం ఏదో ఒక గుర్తింపు పొందిన తరగతి నియమాలకు లోబడి కట్టండి. నియమాలు ఉన్నవి పోటీకే అనుకోకండి, వేలమంది చేసిన తప్పులు వాటిలో ముందే వడపోసి ఉంటాయి. మీటరు పొడవుకు ఇంటర్నేషనల్ వన్ మీటర్ అనే తరగతి ఉంది, నియమాలు 1988లో వచ్చాయి. పడవ పొడవు 1000 మిల్లీమీటర్లు మించకూడదు, బరువు 4 కిలోలకు తగ్గకూడదు, మొత్తం లోతు 420 మిల్లీమీటర్లకు మించకూడదు, కీల్ పలకా సీసమూ కలిపి 2200 నుంచి 2500 గ్రాముల మధ్య ఉండాలి. ఒంటికి కార్బన్ ఫైబర్ నిషేధం, కనుక చెక్కతో కట్టినవాడు డబ్బున్నవాడితో సమానంగా నిలబడగలడు. గాలిని బట్టి మార్చుకోవడానికి ఎ, బి, సి అని మూడు జతల తెరచాపలు ఉంటాయి. ఇంట్లో చోటు తక్కువైతే, ఖర్చు తగ్గాలంటే, ఆర్‌జీ 65 అనే 65 సెంటీమీటర్ల తరగతి మంచిది. తెరచాప వైశాల్యం 2250 చదరపు సెంటీమీటర్లకు మించకుండా చూసుకుంటే మిగతా చాలా విషయాల్లో మీ ఇష్టం. స్కూటర్ మీద తీసుకుపోవచ్చు. ఇంతకన్నా పాతది మార్బుల్‌హెడ్, అమెరికాలో అదే పేరున్న ఊరిలో 1930 ప్రాంతంలో పుట్టింది. 50 అంగుళాల పొడవు, 800 చదరపు అంగుళాల తెరచాప. అది చేయి తిరిగాక కట్టవలసిన పడవ.

రెండో పడవను బొమ్మతో మొదలుపెట్టకండి, తూకంతో మొదలుపెట్టండి. 4 కిలోల పడవ 4 లీటర్ల నీటిని తొలగించాలి, అంటే 4000 ఘన సెంటీమీటర్లు. అందులో 2.4 కిలోల సీసం 212, కీల్ పలకా చుక్కానీ కలిసి ఓ వంద తీసుకుంటాయి; ఒంటి వంతుకు సుమారు 3700 మిగులుతాయి. నీటిగీత పొడవు 96 సెంటీమీటర్లు అనుకోండి. పడవ రెండు కొసలకూ సన్నబడుతుంది కనుక, నడుమ ఉన్న అతి పెద్ద అడ్డుకోత వైశాల్యాన్ని 96తో గుణించగా వచ్చిన దానిలో మీ ఒళ్లు నింపేది 55 శాతం చొప్పున పెట్టుకోవడం ఇలాంటి పడవలకు సరిపోతుంది. 3700ను 96తోనూ 0.55తోనూ భాగిస్తే 70 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. నీటిగీత దగ్గర 17 సెంటీమీటర్ల వెడల్పు, 5.3 సెంటీమీటర్ల లోతు ఉన్న అర్ధ దీర్ఘవృత్తం వైశాల్యం దాదాపు అంతే. ఇక కాగితం మీద మీ ఒంటి గీతలు ఈ కోత చుట్టూ అల్లుకోవాలి, అప్పుడు ఎంత అందంగానైనా గీసుకోండి. నీటిగీతను పది సమభాగాలు చేసి, పదకొండు చోట్ల అడ్డుకోతల వైశాల్యాలు గళ్ల కాగితం మీద లెక్కబెట్టి, సింప్సన్ సూత్రంతో మొత్తం ఘనపరిమాణం తీసి సరిచూసుకోండి. ఘనపరిమాణపు కేంద్రం పడవ నడుముకు కాస్త వెనక పడాలి. సీసపు గుండును దాని కిందికి జరిపితేనే పడవ ముక్కూ తోకా సమంగా తేలుతుంది. ఈ కొలతల పడవ ప్రతి 110 గ్రాముల అదనపు బరువుకూ ఒక మిల్లీమీటరు దిగుతుందని గుర్తుంచుకుంటే, రంగు మీద రంగు పూయాలన్న ఉబలాటం తగ్గుతుంది. వేగం గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. ఒళ్లు నీటిలో రేపే అల వేగమే దాదాపు దానికి హద్దు. మీటరు నీటిగీతకు అది సెకనుకు 1.25 మీటర్లు, అంటే కట్ట మీద మామూలుగా నడిచే మనిషి వేగం. 65 సెంటీమీటర్ల పడవకు సెకనుకు ఒక మీటరు. చెరువులో చూస్తే మాత్రం అంతకు మూడింతలు పోతున్నట్టు ఉంటుంది.

చెక్క విషయంలో మీరు అడగకపోయినా ఒక మాట. మన పాలకొండలు, లంకమల అడవుల్లో పెరిగే ఎర్రచందనం పేరు వినగానే పడవకు పనికొస్తుందా అని అడిగినవాళ్లు నాకు ఇద్దరు తగిలారు. చట్టం సంగతి పక్కనబెడితే, దాని చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది. మీకు కావలసింది బాల్సా అనే చాలా తేలికైన చెక్క. దొరకకపోతే ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కను సామిల్లులో రెండున్నర మిల్లీమీటర్ల మందం, ఆరు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోయించుకోవచ్చు, ముడులు లేని ముక్కలు ఏరుకోవాలి. నడుమ నుంచి మొదలుపెట్టి కుడికొకటి ఎడమకొకటి చొప్పున అతికించండి. ఒకే పక్క నాలుగు పట్టీలు వరసగా అతికిస్తే, పట్టీలను పరిచే అడ్డుకోత ఆకారపు అచ్చుల మీదే పడవ మెలితిరిగిపోతుంది. మామూలు తెల్ల జిగురు నీటికి మెత్తబడుతుంది కనుక నీటిని తట్టుకొనే రకమే వాడాలి.

పైన గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు). ఇక్కడ మన రాయలసీమ ఎండ గురించి విదేశీ పుస్తకాలు చెప్పవు. డబ్బా మీద ముప్పై నిమిషాలు గడువు అని రాసి ఉంటే అది చల్లని దేశపు గడియారం. మే నెలలో మన దగ్గర పది నిమిషాలు దక్కితే గొప్ప. నేనొకసారి మొత్తం పడవకు సరిపడా ఒకేసారి ప్లాస్టిక్ గ్లాసులో కలిపి, బ్రష్ వెతుక్కోవడానికి లోపలికి పోయి వచ్చేసరికి గ్లాసు పొగలు కక్కుతూ ఒక పక్కకు కరిగి కూలబడింది. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, లోతైన పాత్రలో ఆ వేడికి పోయే దారి ఉండదు. కొంచెం కొంచెం కలుపుకొని, వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరచుకొని వాడండి. ఇంకొకటి, తెల్లవారుజామున చల్లగా ఉంటుందని అప్పుడు పూస్తే, పొద్దెక్కేకొద్దీ చెక్క రంధ్రాల్లోని గాలి వేడెక్కి వ్యాకోచించి బుడగలు బుడగలుగా పైకి తంతుంది. పొద్దుగూకాక, చెక్క చల్లబడుతూ ఉన్నప్పుడు పూయండి. అప్పుడు చెక్కే జిగురును లోపలికి పీల్చుకుంటుంది. చదరపు మీటరుకు 50 నుంచి 80 గ్రాముల గుడ్డ ఒక్క పొర చాలు. డెక్‌కు తెల్ల రంగే వేయండి. నల్ల డెక్ ఉన్న పడవను మధ్యాహ్నం కారులో వదిలితే ఎపాక్సీ మెత్తబడి పలకల గీతలు పైకి తేలతాయి. త్రీడీ ప్రింటర్‌తో కట్టాలనుకొనే కుర్రాళ్లకు కూడా ఇదే చెబుతాను: ప్రింటర్లలో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మన ఎండలో మూసిన కారు ఆ దరిదాపులకు పోతుంది, పీఈటీజీ అనే ప్లాస్టిక్ నయం.

సీసం గురించి తీరిగ్గా చెప్పాలి, ఈ పని మొత్తంలో మనిషికి దెబ్బ తగిలేది ఇక్కడే. టైర్ల దుకాణాల్లో చక్రాల తూకానికి వాడిన పాత సీసపు ముక్కలూ, వలలకు కట్టే గుండ్లూ పనికొస్తాయి. పాత బ్యాటరీ పలకల జోలికి మాత్రం పోకండి, వాటిలో ఆమ్లం ఉంటుంది, కరిగించేటప్పుడు విషవాయువులు వస్తాయి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మామూలు గ్యాస్ పొయ్యి చాలు. వంటింటి పొయ్యీ, వంటింటి గిన్నే వద్దు, ఆరుబయట గాలి మీ వీపు నుంచి వీచేలా నిలబడి చేయండి, పిల్లలను దగ్గరికి రానీయకండి. అచ్చుకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వాడతాం. ఒక కార్తీకమాసంలో నేను అచ్చు పోసి మూడు రోజులు ఆరబెట్టాను. గోటితో గీస్తే తెల్లగా పొడి రాలింది, ఆరిందనుకున్నాను. సీసం సగం పోసేసరికి అచ్చు లోపల గురగురమని సన్నటి శబ్దం మొదలైంది. గరిటె వెనక్కి తీసుకొనే లోపే కరిగిన సీసం నిలువెత్తు ఎగిరి షెడ్డు రేకుకు తగిలి చిటపటమని రాలింది. కళ్లద్దాలు ఉన్నాయి గనుక కళ్లు దక్కాయి, చెప్పు పట్టీల సందులో పడిన చుక్క గుర్తు పాదం మీద ఇప్పటికీ ఉంది. ప్లాస్టర్ పైకి ఆరినా లోపల నీరు దాచుకుంటుంది, సీసం వేడికి ఆ నీరు ఒక్క క్షణంలో ఆవిరవుతుంది. అప్పటి నుంచి అచ్చును పాత ఓవెన్‌లో నీరు మరిగే వేడికి పైన గంటల తరబడి ఉంచి, గంటగంటకూ తక్కెడలో పెట్టి తూస్తాను; వరసగా మూడు తూకాలు ఒకేలా వచ్చేదాకా సీసం ముట్టను. చెప్పులు కాదు, తోలు బూట్లు. ఇదంతా వద్దనుకుంటే సీసపు రవ్వలను ఎపాక్సీతో కలిపి అచ్చులో కూరవచ్చు. సాంద్రత పోతపోసిన దానిలో మూడింట రెండు వంతులే వస్తుంది, గుండు లావవుతుంది, వేగం కొంత పోతుంది, కానీ మొదటిసారికి అది తెలివైన పని. 2.4 కిలోల పోత గుండు 26 సెంటీమీటర్ల పొడవుంటే, నడుమ మందం నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది.

తెరచాపలకు గుడ్డ కొనడానికి ముందు, పాత ఇంజనీరింగ్ స్టేషనరీ దుకాణాల్లో పాలియెస్టర్ డ్రాఫ్టింగ్ ఫిల్మ్ మిగిలి ఉందేమో అడగండి; అందరూ కంప్యూటర్ గీతలకు మారాక ఆ చుట్టలు మూలన పడి ఉన్నాయి. అది సాగదు, నీరు పీల్చదు, తెరచాపకు బాగుంటుంది. ఒకే ముక్కగా కోసిన తెరచాప పలకలా చదునుగా ఉంటుంది, దానికి పొట్ట రావాలి. అందుకు అడ్డంగా నాలుగైదు ముక్కలుగా కోసి, ప్రతి అతుకు దగ్గరా ఒక అంచును ఒకటి రెండు మిల్లీమీటర్లు విల్లులా వంచి కోసి, రెండు వైపులా అంటుకొనే సన్నని టేపుతో కలపాలి. రవికె కుట్టే దర్జీ డార్ట్ పెట్టే సూత్రమే ఇది. తెరచాప పై భాగం కింది భాగం కన్నా కొంచెం తెరుచుకొని ఉండాలి, ఎందుకంటే నీటికి దగ్గరగా గాలి మందంగానూ పైన జోరుగానూ ఉంటుంది. వెనక అంచుకు చిన్న ఊలు దారాలు అంటించి, అవి వెనక్కి సాఫీగా పారుతున్నాయో, తెరచాప చాటుకు ముడుచుకుంటున్నాయో చూస్తే, ఏం తప్పు చేస్తున్నారో అవే చెబుతాయి.

రేడియో గురించి క్లుప్తంగా. రెండు చానళ్లు చాలు, ఒకటి చుక్కానికి, ఒకటి తెరచాపల తాళ్లు లాగే వించ్‌కు. వించ్ ఎంత తాడు చుట్టాలో ముందే లెక్కవేయండి: బూమ్ (తెరచాప కింది అంచును పట్టే అడ్డకర్ర) మీద తాడు కట్టిన చోటు మాస్ట్ నుంచి 25 సెంటీమీటర్లు ఉంటే, బూమ్ నడుమ నుంచి 85 డిగ్రీలు తెరుచుకోవడానికి 34 సెంటీమీటర్ల తాడు కావాలి, తాడు చుట్టుకొనే 38 మిల్లీమీటర్ల వ్యాసపు డ్రమ్ చుట్టుకొలత 12 సెంటీమీటర్లు కనుక మూడు చుట్లు. తాడు వదులైతే డ్రమ్ మీది నుంచి జారి ఇరుక్కుంటుంది, అందుకే డెక్ కింద సన్నని రబ్బరు దారంతో ఎప్పుడూ లాగిపెట్టి ఉంచాలి. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం నీటిలో నుంచి పోదు, యాంటెన్నా నీటిగీతకు పైన, వీలైనంత డెక్‌కు ఆనించి ఉండాలి. ఆరు వోల్టుల సర్వోకు రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెడితే కాలిపోతుంది. నాలుగు సెల్లుల నికెల్ బ్యాటరీ నిశ్చింత. చుక్కాని కడ్డీ గొట్టం పై కొస డెక్ దాకా రావాలి, గ్రీజు పెట్టాలి. ముక్కులో ఒకటి, తోకలో ఒకటి థర్మోకోల్ ముక్కలు ఇరికించడం మరిచిపోకండి. చిల్లు పడిన పడవ తేలుతూ ఉంటే పుట్టిలో పోయి తెచ్చుకోవచ్చు, మునిగితే సీసం దాన్ని బురదలో నిలువునా నాటుతుంది.

చివరగా చోటు, కాలం. 42 సెంటీమీటర్ల లోతు పడవకు ఒడ్డునే మోకాటి పైదాకా నీరు ఉండాలి. తూకం చూసుకోవడానికి ఇంటి ముందు గాబు చాలు. తిరగడం నేర్చుకోవడానికి పంట కుంటలు బాగుంటాయి, యజమానిని అడిగి దిగండి. దేవుని కడప చెరువైనా, అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువైనా, కర్నూలు దగ్గర గార్గేయపురం చెరువైనా, గుర్రపుడెక్క లేని వైపు చూసుకోవాలి. కేసీ కాలువలో వద్దు, పారే నీటిలో ఆగిపోయిన పడవ మీకు దక్కదు. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అది వివరిస్తుంది. ఆ దోషాల్లో ఒకటి చెరువు నడుమ ఎత్తుగా లేచిన నేల. మన పడవల కీల్‌లకు కూడా అదే అసలు శత్రువు, కనుక కొత్త చెరువులో ముందు కర్రతోనో, రాయి కట్టిన దారంతోనో లోతు చూసి గానీ పడవ వదలకండి. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి అనంతపురం కొండల మీది గాలిమరలను తిప్పే గాలి. ఆ రోజుల్లో అతి చిన్న సి జత తెరచాపలు కడితేనే నిలుస్తారు. కీల్ మార్చిన మీ పడవను కార్తీకం దాటాక, పొద్దున ఏడింటికి, కట్ట చాటున కాకుండా నీటి మీదుగా గాలి మీ ముఖానికి తగిలే ఒడ్డున వదలండి. గాలి ఆ ఒడ్డుకే వీస్తూ ఉంటుంది కనుక, వించ్ ఆగినా బ్యాటరీ అయిపోయినా పడవ తేలుతూ మీ కాళ్ల దగ్గరికే వస్తుంది.